జాజ్ బేస్ రాక్‌కు సరిపోదా?

మీ జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ బేస్ గిటార్ మోడల్) రాక్ బ్యాండులో వినిపించకపోవడానికి కారణం బహుశా గిటార్ రకం కాదు, రెండు వాల్యూమ్ నాబులూ చివరిదాకా తిప్పి ఉండటం. దాన్ని అమ్మి ప్రెసిషన్ బేస్ (ఫెండర్‌దే మరో మోడల్) కొనకండి, అది తొందరపాటే.

రెండు పికప్‌లూ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు, ఒక్కోదానికి ఒక్కో వాల్యూమ్ నాబు) సమానంగా ఉన్నప్పుడు మధ్యస్థాయి ధ్వనులు కొంత ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒంటరిగా వాయిస్తే అది చక్కగానే ఉంటుంది. డ్రమ్స్, గిటార్లు మొదలవగానే మునిగిపోతుంది.

1. మెడవైపు పికప్‌ను పూర్తిగా ఉంచి, బ్రిడ్జి (తీగలు గిటార్ ఒంటికి బిగిసే చోటు) వైపుది కాస్త తగ్గించండి. చాలామంది వదిలేసేది ఇదే. పదిలో ఎనిమిదికి తెచ్చినా స్వరం ముందుకు వస్తుంది. ప్రెసిషన్‌కు దగ్గరగా ఉండే బరువైన ధ్వని కావాలంటే బ్రిడ్జి పికప్‌ను పూర్తిగా ఆపేయండి. అప్పుడు సన్నని హమ్ (గుయ్‌మనే శబ్దం) రావచ్చు. అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌ల స్వభావం, లోపం కాదు.

2. ఈ సర్దుబాటు అందరూ వాయిస్తున్నప్పుడే చేయండి. గదిలో ఒంటరిగా నచ్చిన స్వరం బ్యాండులో నిలబడదు.

3. ఆంప్లిఫైయర్‌లో బేస్ నాబు (లోతైన ధ్వనులు) కొంచెం తగ్గించి మిడ్ నాబు (మధ్యస్థాయి ధ్వనులు) పెంచండి.

4. ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నునుపుగా ఉండే) తీగలుంటే రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగలు వేయండి. పదును వెంటనే తెలుస్తుంది.

పేరు చూసి దిగులు పడకండి. 1960లో వచ్చిన ఈ గిటార్‌తోనే లెడ్ జెపెలిన్ బ్యాండులో జాన్ పాల్ జోన్స్, రష్ బ్యాండులో గెడ్డీ లీ గట్టి రాక్ వాయించారు.