వంద దాకా చెబుతుంది, ఏడు పిక్కలు తెమ్మంటే గుప్పెడు తెస్తుంది

రాయగడ నుంచి మీరడిగింది ఇదీ: నాలుగేళ్ళ పాప ఇంట్లో తెలుగులో, అంగన్‌వాడీలో ఒడియాలో అంకెలు గడగడా చెబుతుంది, ఏడు చింతపిక్కలు తెమ్మంటే మాత్రం గుప్పెడు తెస్తుంది. ఏ ఆటలు ఆడించాలి?

వంద దాకా చెప్పడం పాట లాంటిది, లెక్క వేరు. ఆ వందని కొన్నాళ్ళు పక్కన పెట్టండి, పది చాలు.

కిరాణా కొట్లో 30 గుడ్ల అట్ట ఒకటి అడగండి. సొన కారినది వద్దు. పొడిగా ఉన్నది తెచ్చి ఒక పూట ఎండలో పెట్టండి, కడిగితే మెత్తబడి చిరుగుతుంది. అందులో ఐదేసి గుంటలు ఆరు వరసలు. రెండేసి వరసలు కలిపి కత్తిరిస్తే పదేసి గుంటల ముక్కలు మూడు వస్తాయి. చింతపండు పిక్క తీసే రోజుల్లో మన వైపు పిక్కలకేం కరువు? 30 ఏరి డబ్బాలో వేయండి. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే పిక్కలు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు. వాళ్ళకి అట్ట లేకుండా ఉల్లిపాయలు చాలు.

పై వరస ఎడమ నుంచి గుంటకో పిక్క వేయిస్తూ చెప్పించండి. పిక్క వేసి చేయి తీశాకే తర్వాతి మాట. అసలు తప్పు ఇక్కడే ఉంది: నేల మీద లెక్కపెట్టేటప్పుడు పిల్లలు "రెం" అని ఒకటి, "డు" అని ఇంకొకటి ముట్టుకుంటారు. "తొమ్మిది"కి మూడు పోతాయి. గుంట ఉంటే ఆ తప్పు తగ్గుతుంది. పై ఐదూ నిండాకే కింది వరసకి దిగనివ్వండి. పైన ఐదు, కింద రెండు చూడగానే ఏడని కొన్నాళ్ళకి లెక్కపెట్టకుండానే అంటారు.

ఇంకో తప్పు చూడండి. ఏడూ లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివర అన్న మాటే మొత్తమని ఇంకా తెలీదన్నమాట. లెక్కపెట్టిన వెంటనే పిక్కల మీద గిన్నె బోర్లించి అడగండి. కనబడనివి మళ్ళీ లెక్కపెట్టే వీలుండదు. ఏడుతో కాదు, మూడుతో మొదలుపెట్టండి. అది కుదిరాక పాప చూస్తుండగా ఒకటి బయటికి తీసి "లోపల ఎన్ని?" అనండి. తప్పు చెబితే దిద్దకండి, గిన్నె ఎత్తండి.

తర్వాత అష్టాచెమ్మా లాంటి గళ్ళ ఆట ఆడించండి. గవ్వలు లేకపోతే నాలుగు పిక్కలు గరుకు రాతి మీద ఒక వైపు తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. ఈ పని పెద్దవాళ్ళదే. విసిరితే ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు నడక. అన్నీ బోర్లా పడితే అష్టాచెమ్మాలో ఎనిమిది. ఈ వయసులో అది అయోమయం, సున్నా అనండి.

భాష సంగతి. ఇంట్లో లెక్క తెలుగులోనే పట్టుకోండి, ఇందులో నాకు సందేహం లేదు. ఒడియాలో 21 ఏకోఇశి, అంటే ఒకటి ముందు, ఇరవై తర్వాత; 29 అణతిరిశి, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. తెలుగులో ఇరవై ఒకటి అంటే రెండు నిండు ముక్కలు, పక్కన ఒక పిక్క. పలికే వరసా, రాసే వరసా ఒకటే. ఏడంటే ఎంతో ఒక భాషలో తెలిస్తే ఒడియాలో మాట మార్చుకోవడమే మిగులుతుంది. ఒకే ఆటలో రెండూ కలపకండి. ఇక మూడేళ్ళకే పలక పట్టించి అంకెలు దిద్దించే ఇళ్ళని చూస్తే బాధేస్తుంది. వేళ్ళలో బలం రాని బిడ్డకి తెలుగు బడిలో ఒక రూపం, ఒడియా పుస్తకంలో ఇంకో రూపం. ఆ దిద్దుడుకి ఇంకా చాలా టైముంది.

ఆట ఐపోయాక పిక్కలన్నీ మూడు ముక్కల్లో పేర్పించి అప్పుడు డబ్బాలో పోయించండి. ఖాళీ గుంటలు రెండుంటే రెండు పిక్కలు మంచం కిందో, చాప కిందో ఉన్నట్టు. వాటిని పాప చేతే వెతికించండి.