ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ఊగుతుంటే ముందు కాటా వేయించండి

గంటకు 100 కిలోమీటర్లు దాటగానే మీ ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (పికప్ ట్రక్కు వెనక తొట్టిలోని కొక్కేనికి తగిలించి లాగే ఇల్లులాంటి బండి) పక్కలకి ఊగుతోంది, స్టీరింగ్ తేలికైపోతోంది, కాంక్రీటు రోడ్డెక్కితే వెనక నుంచి కుదుపులు. షాక్ అబ్జార్బర్లు మార్చాలా, ఎయిర్ బ్యాగులు (ట్రక్కు వెనక స్ప్రింగులకు దన్నుగా పెట్టే గాలి తిత్తులు) వేయించాలా అని కదా అడిగారు. నన్నడిగితే ఇప్పుడే ఏదీ కొనకండి. ప్రయాణానికి సర్దుకున్న సామానుతోనే బండిని కాటా వేయించండి.

ట్రక్కు ఒక్కటే ఒకసారి, ట్రైలర్ తగిలించాక ట్రక్కు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి, రెండూ కలిపి మరోసారి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే కింగ్ పిన్ (ట్రైలర్ ముందు భాగం కింద ఉండే, ట్రక్కుకి తగిలించే లావుపాటి పిన్) మీద పడే బరువు, మూడోదాన్లోంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ బరువు. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం పిన్ మీద పడాలి. 5,000 కిలోల ట్రైలర్‌కి 1,000 కిలోలైతే బాగుంటుంది. అది బాగా తగ్గితే బండి తోక జాడిస్తుంది.

నాది వెనక గరాజు ఉన్న రకం. ఖాళీగా లాగితే నిక్షేపంగా వచ్చేది. బైకులెక్కిస్తే చాలు, పక్కనుంచి లారీ దూసుకెళ్లినా ఊగేది. వెనక బరువు పడేసరికి పిన్ తేలిపోతోందని కాటా దగ్గర తేలింది. నా నీళ్ల ట్యాంకు ఇరుసుల కంటే ముందుంది కాబట్టి దాన్ని నింపి, పనిముట్ల పెట్టెను ముందు అరలోకి మార్చాను. ఊగడం తగ్గింది. మీ ట్యాంకు ఇరుసుల వెనక ఉంటే మాత్రం నింపితే ఇంకా చెడుతుంది. 200 లీటర్లంటే 200 కిలోలు మరి!

అలాగని ముందు భాగంలో దట్టించేయకండి. ట్రక్కు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద పేలోడ్, అంటే ట్రక్కు మోయగల బరువు, రాసి ఉంటుంది. పిన్ బరువు, హిచ్ (ట్రక్కు తొట్టిలో పిన్‌ని పట్టుకునే కొక్కెం), మనుషులు, సామాను అన్నీ కలిపి దాన్ని దాటకూడదు. ఎయిర్ బ్యాగులు కుంగిన వెనక భాగాన్ని లేపుతాయే గానీ ఆ అంకెను పెంచవు.

స్టీరింగ్ తేలికవడం వేరే సంగతి. హిచ్ ట్రక్కు వెనక ఇరుసుకు సరిగ్గా పైనగానీ, కాస్త ముందుగానీ ఉండాలి. మీది పొట్టి బెడ్ (వెనక తొట్టి) ట్రక్కు, ముందుకీ వెనక్కీ జరిగే స్లైడర్ హిచ్ అన్నారు. మలుపు కోసం వెనక్కి జరిపాక మళ్లీ ముందుకు తెచ్చి లాక్ చేస్తున్నారా? వెనకే ఉండిపోతే ముందు చక్రాల మీద బరువు తగ్గిపోతుంది. నా అనుమానమంతా దీని మీదే.

కుదుపులకి హిచ్ దవడల్లో పిన్ వదులుగా ఆడుతోందేమో చూడండి. కాంక్రీటు అతుకుల మీద కొంత కుదుపు ఎవరికైనా తప్పదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ట్రైలర్ టైరు ఒక అంచే అరుగుతుంటే కమాను కట్టల బుష్‌లు, ఇరుసు అలైన్‌మెంటు చూపించండి. ట్రైలర్ ముక్కు పైకెత్తి ఉంటే బరువు ట్రైలర్ వెనక ఇరుసు మీదికి పోతుంది, దాన్ని కూడా సమం చేయించాలి.

ఇవన్నీ తేలేదాకా 90 దాటకండి. దారిలో ఊగితే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకుల్ని నడిపే పరికరం) మీది మీటతో ట్రైలర్ బ్రేకు మాత్రమే మెల్లగా వేయండి. ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనక నుంచి మరింత తోసుకొస్తుంది.