ఏసీ పని నువ్వే చూస్తానన్నావట

చిట్టీ,

కారు ఏసీ నువ్వే బాగుచేసుకుంటానన్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు గ్రీజులో మునిగినవాణ్ని, తమ్ముడి కూతురు పానా పడుతుందంటే పొంగిపోనా? పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ముందు చున్నీ తీసి పక్కన పెట్టు. జడ ముడేసుకో. ఇంజను తిరుగుతుంటే బెల్టు దగ్గరకు చెయ్యి పోనివ్వకు. పెద్దనాన్న చాదస్తం అనుకున్నా సరే.

ఏసీ వేసి, గ్యాసును నొక్కి పంపే కంప్రెసర్ వైపు చూడు. పుల్లీ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది, దాని ముందున్న క్లచ్ ప్లేటు 'టక్'మని అతుక్కుని తిరగాలి. లేదంటే ఫ్యూజు చూడు, కరెంటు కలిపే ఆ చిన్న డబ్బీ, రిలే, మార్చి చూడు. తర్వాత ఆ క్లచ్ వైరుకు మీటరు పెట్టు. 12 వోల్టులు వస్తున్నా పట్టలేదంటే ప్లేటును అయస్కాంతంలా లాగే కాయిల్ పోయి ఉండాలి, లేదా ప్లేటు అరిగి సందు పెరిగి ఉండాలి. అసలు కరెంటే రాకపోతే గ్యాసు తగ్గిందేమో అనుకో. గ్యాసు తగ్గితే కంప్రెసర్ తిరగకుండా ప్రెషర్ స్విచ్చే ఆపేస్తుంది.

నేను చెడిపోయింది ఇక్కడే.

కొత్తగా షెడ్డు పెట్టిన రోజులు. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో గుంటూరు నుంచి ఒకాయన కారు తెచ్చాడు. గ్యాసు చూడకుండా ఆ స్విచ్చు ప్లగ్గు ఊడదీసి, రెండు కొనలకూ వైరు ముక్క పెట్టి కలిపేశాను. టక్! పట్టింది. కాస్త చల్లగాలి కూడా వచ్చింది. ఆయన నా భుజం తట్టి వెళ్లాడు. కంప్రెసర్‌కు ఆయిల్ మోసుకెళ్లేది ఆ గ్యాసేనని నాకు తెలియదు మరి. మూడో రోజు మంగళగిరి దాటాక కంప్రెసర్ బిగుసుకుపోయింది, బెల్టు కాలి తెగింది. ఆ బండిలో నీళ్ల పంపుకూ అదే బెల్టు. మిట్టమధ్యాహ్నం, రోడ్డు పక్కన, కారులో ఆయన తల్లి. ఆవిడ వొళ్లో తడిగుడ్డ పట్టుకుని కూర్చుని ఉంది. నేను వెళ్తే ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

లోపలంతా ఇనుప పొడి. కంప్రెసర్‌తో పాటు, వేడి గ్యాసును చల్లార్చే కండెన్సర్ కూడా మార్చాల్సి వచ్చింది. ఆ డబ్బు ఎక్కడిదో మీ నాన్న నీకు చెప్పి ఉండడు. వాడి హాస్టల్ ఫీజు అది. ఆ ఏడాదంతా రోజూ బస్సులో గుంటూరు వెళ్లి చదువుకున్నాడు.

కాబట్టి ఆ స్విచ్చుకు వైరు పెట్టావో, చెవి మెలేస్తాను. పైపుల జాయింట్ల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి ఉందేమో చూడు, లీకు అక్కడే ఉంటుంది. గొట్టాలు మాత్రం విప్పకు తల్లీ. ఆ గ్యాసు మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది.

గ్యాసు ప్రెషర్ చూసే గేజీ నా దగ్గర ఉంది, ఆదివారం తెస్తాను. అప్పటిదాకా బానెట్ ఎత్తకు. సరేలే, ఫ్యూజు ఒక్కటీ చూసి ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న