ఉద్ధరణకు ముందు 'పునః' ఎప్పుడు?

సందేహం: మా ఊళ్ళో చెరువు పూడిక తీసి 'చెరువు పునరుద్ధరణ' అని బోర్డు పెట్టారు. చౌడు నేలకు జిప్సం వేసి సాగులోకి తెచ్చిన పనికీ 'భూముల పునరుద్ధరణ' అనే రాశారు. ఇంగ్లీషులో రెస్టొరేషన్, రిక్లమేషన్ అని రెండు మాటలున్నాయి కదా. తెలుగులో రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: ఒకటి కాదు. చెడిపోయినదాన్ని మునుపటి స్థితికి తెస్తే రెస్టొరేషన్. పనికిరాకుండా పడి ఉన్నదాన్ని పనికొచ్చేట్టు చేస్తే రిక్లమేషన్. మునుపు ఎలా ఉండేదన్న లెక్క దానికి లేదు. ముంబయిలో సముద్రాన్ని పూడ్చి నారిమన్ పాయింట్ కట్టారు. అక్కడ అంతకుముందు నేలే లేదు, ఇక 'పునః' ఎక్కడిది?

అసలు సంగతంతా 'ఉద్ధరణ'లో ఉంది. ఉత్ + హరణ, అంటే పైకి తీయడం. ధృ ధాతువు నుంచి సాధించేవారూ ఉన్నారు. ఎలా చూసినా ఆ ధకారం నిలవాలి. 'పునరుద్దరణ' అని రాసిన బోర్డు కనబడితే ప్రాణం ఉసూరుమంటుంది. మృత్తికాస్నానంలో మట్టిని చేతిలోకి తీసుకుని 'ఉద్ధృతాసి వరాహేణ కృష్ణేన శతబాహునా' అంటాం. నూరు చేతుల నల్లని వరాహం నిన్ను పైకెత్తింది తల్లీ అని భూమితోనే చెప్పడం అది. తిరుమలలో పుష్కరిణి గట్టున ఉన్న ఆ వరాహస్వామిని చూశాకే శ్రీనివాసుడి దగ్గరికి వెళ్ళడం ఆచారం. మీరడిగిన రెండు మాటలూ ఆయన కథలోనే ఉన్నాయి. మునిగిన భూమిని కోరమీద ఎత్తడం ఉద్ధరణ. ఎత్తినదాన్ని మళ్ళీ దాని చోట నిలపడం పునఃస్థాపన.

పాత గుళ్ళకు మనవాళ్ళు 'జీర్ణోద్ధరణ' అన్నారే గాని 'పునః' తగిలించలేదు. శిథిలమైందన్న సంగతి 'జీర్ణ' చెప్పేసింది. ఇప్పుడేమో గంటసేపు పోయిన కరెంటు వచ్చినా 'విద్యుత్ సరఫరా పునరుద్ధరణ' అని రాస్తున్నారు. 'కరెంటు వచ్చింది' అంటే ఎవరికి అర్థం కాదు?

విమానాశ్రయంలో సామాను రిక్లెయిమ్ చేయడం వేరు, అది ఉత్త 'తిరిగి తీసుకోవడం'.

మీ చెరువుకు పునరుద్ధరణ సరిపోతుంది. చౌడు నేలకు మాత్రం 'బాగుచేయడం', 'సాగులోకి తేవడం' అనే నేనైతే రాస్తాను. అయితే ఆ కయ్యల్లో ఒకప్పుడు వరి పండి, తర్వాత నీళ్ళు నిలిచి చౌడెక్కి ఉంటే బోర్డు రాసినాయన్ను తప్పుపట్టలేం. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగి మళ్ళీ రాయండి.