యుద్ధకాలపు విమాన వాహక నౌకలు చివరికి ఏమవుతాయి?

విశాఖలో కురుసుర జలాంతర్గామిని మ్యూజియంగా ఉంచినట్టే పాత విమాన వాహక నౌకలనూ ఉంచుతారా అని అడిగారు. చాలా కొద్దింటికే ఆ అదృష్టం. ఎక్కువ భాగం తుక్కు కిందే పోయాయి.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాకు ఎంతో పేరు తెచ్చిన ఎంటర్‌ప్రైజ్‌నే 1958లో తుక్కుకు అమ్మేశారు. సరటోగాను 1946లో బికినీ దీవుల దగ్గర అణుపరీక్షకు గురిగా నిలబెట్టి ముంచారు. అమెరికా ఒకే నమూనాలో కట్టిన ఎసెక్స్ తరగతి నౌకలు 24 ఉండేవి, మ్యూజియాలుగా మిగిలినవి నాలుగు. జెట్ విమానాలు వచ్చాక విమానాలు ఎగిరి దిగే పాత డెక్కులు చాలలేదు. పైగా ఉప్పునీళ్లలో ఇనుము నిలబడాలంటే ఏటా డబ్బు కుమ్మరించాలి.

మన మొదటి విక్రాంత్ కూడా ఆ కాలపు విమాన వాహక నౌకే. 1945లో బ్రిటన్‌లో హెర్క్యులిస్ పేరుతో నీళ్లలోకి దిగింది, యుద్ధం ముగియడంతో పని ఆగిపోయింది. 1961లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసింది. 1997లో విరమించాక కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉండి, 2014లో వేలానికి పోయింది. తలనీలాలను వేలం వేసే తిరుపతివాడిని, వేలం నాకు వింత కాదు. అయినా ఈ వేలం మాత్రం మనసుకు పట్టలేదు.

దాని ఇనుములో కొంత కరిగించి 2016లో బజాజ్ వి మోటారుసైకిళ్లలో వాడారు. అలిపిరి దారిలో ఆ బండి కనిపిస్తే పెట్రోలు ట్యాంకు వైపు ఒకసారి చూడండి. సముద్రం లేని మా ఊళ్లో విక్రాంత్ తిరిగేది అలాగే.