క్రెడిట్ స్కోరు తక్కువ, బావగారు కో-సైన్ చేస్తానంటున్నారు: ఇల్లు అద్దెకివ్వచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా రెండో ఇల్లు అద్దెకిద్దామని వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అడిగిన జంటలో భర్త క్రెడిట్ స్కోరు 590. జీతం బాగానే ఉంది. కో-సైనర్ (వాళ్ళు అద్దె కట్టకపోతే తాను కడతానని లీజులో సంతకం పెట్టేవారు) ఉంటేనే ఇస్తామన్నాం. ఆయన బావగారు ముందుకొచ్చారు. ఆ సంతకంతో మాకు భరోసా ఉన్నట్టేనా?

జవాబు: కొంతవరకే అమ్మా. అంతకన్నా ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది.

క్రెడిట్ రిపోర్టు (అప్పులు, చెల్లింపుల చరిత్ర) చూసి కో-సైనర్ కావాలన్నారు కాబట్టి ఆ భర్తకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇల్లు ఇవ్వనంటేనే నోటీసు అనుకుంటారు చాలామంది. రిపోర్టు కారణంగా కో-సైనర్‌ని అడిగినా, డిపాజిట్ పెంచినా ఇవ్వాల్సిందేనని 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం చెబుతోంది. ఒక్క ఇల్లున్న ఓనరుకీ మినహాయింపు లేదు. రిపోర్టు ఇచ్చిన కంపెనీ పేరు, అడ్రసు, ఫోను నంబరు, మీరు చూసిన స్కోరు రాయండి. నిర్ణయం ఆ కంపెనీది కాదనీ, 60 రోజుల్లోపు ఆయన రిపోర్టు కాపీ ఉచితంగా అడగవచ్చనీ, తప్పులుంటే సవాలు చేయవచ్చనీ రాయండి. ఒక పేజీ చాలు.

ఇక స్కోరు సంగతి. 590 అన్న అంకె దగ్గరే ఆగిపోకండి. పాత ఆసుపత్రి బిల్లు కలెక్షన్‌కి (బాకీ వసూలు చేసే ఏజెన్సీకి) వెళ్ళడం వేరు, కిందటి ఇంటి అద్దె ఎగ్గొట్టడం వేరు. రెండోది ఉంటే నేనైతే బావగారున్నా ఇవ్వను. కొత్తగా హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళకి అసలు క్రెడిట్ చరిత్రే ఉండదు. దాన్ని చెడ్డ క్రెడిట్‌తో కలపకండి. ఆఫర్ లెటరు, పే స్టబ్స్ (జీతం రసీదులు) చూడండి.

బావగారిని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. ఆయన అనుమతి రాయించుకుని ఆయన రిపోర్టూ, ఆదాయమూ చూడండి. తన ఇంటి లోను, కారు లోను కట్టుకుంటూ మీ అద్దె కూడా కట్టగలరా? ఆయన ఇండియాలో ఉంటే, రేపు గొడవొస్తే ఇక్కడి కోర్టులో తీర్పు తెచ్చుకున్నా వసూలు చేయడం చాలా కష్టం.

అసలు చిక్కు రెన్యూవల్ దగ్గర ఉంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92.021 ప్రకారం బావగారి గ్యారంటీ మొదటి లీజు గడువు వరకే. రెన్యూవల్‌కీ వర్తించాలంటే ఏ తేదీ దాకా రెన్యూ అయితే బాధ్యత ఉంటుందో మొదటి లీజులోనే రాసి ఉండాలి. అలా రాసినా, పార్టీలు మారితేనో అద్దె పెంచితేనో రెన్యూవల్‌కి ఆయన బాధ్యత ఉండదు. ఏడాది తర్వాత నెలకి 100 డాలర్లు పెంచాలనుకుంటే బావగారితో మళ్ళీ సంతకం పెట్టించండి.

మీ ప్రకటనలో ‘తెలుగువాళ్ళకి మాత్రమే’ అని పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. జాతీయ మూలాన్ని బట్టి ఇష్టాయిష్టాలు చూపే ప్రకటనని 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధిస్తుంది, వాట్సాప్‌లో పెట్టినా సరే. స్కోరు ఎంతుండాలి, కో-సైనర్ ఎప్పుడు కావాలి అన్నవి ముందే రాసుకుని, అప్లికేషన్‌తో పాటు అందరికీ ఒకే కాగితం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. టెక్సస్‌లో ఆ కాగితం ఇవ్వకుండా తిరస్కరిస్తే అప్లికేషన్ ఫీజు, డిపాజిట్ వెనక్కివ్వాలి. ఈ జంటకి ఇంకా ఇవ్వకపోతే ఈ వారమే ఇచ్చేయండి.