ఫ్రీసెల్ 11982 తెగడం లేదా? వదిలేయ్ తమ్ముడూ

మూడు రోజులుగా కంప్యూటర్ పేకాట ఫ్రీసెల్‌లో 11982 నంబరు ఆట తెగడం లేదన్నావు కదా, అది ఎవరికీ తెగదు, పాత విండోస్‌లో ఉన్న 32,000 ఆటల్లో దారే లేనిది అదొక్కటే. విజయనగరంలో గంటస్తంభం దగ్గర నెట్ సెంటర్లో నేనూ దానికి బోలెడు డబ్బులు తగలేశాను, ఎవరైనా చెప్తే కదా! నంబరు మార్చి ఆడు.

ఇంకోటి, ముక్కలు కాసేపు పక్కన పెట్టుకునే నాలుగు గదులూ మొదట్లోనే నింపేస్తున్నానని రాశావు, అక్కడే చిక్కు. అవి ఖాళీగా ఉంటే ఒకేసారి ఐదు ముక్కలు జరపొచ్చు, ఒక వరస కూడా ఖాళీ అయితే పది. ముందు ఆసులు ఎక్కడ ఇరుక్కున్నాయో చూసి, తర్వాతే మౌస్ ముట్టుకో. ముక్కలన్నీ కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి సాలిటేర్ కన్నా నాకు ఇదే ఇష్టం, ఇందులో అదృష్టం మీద ఏడవక్కర్లేదు, ఆ 11982 తప్ప.